పెదనాయన చూసిన సముద్రం

ఆదివారం పొద్దున్నే ఆళ్లగడ్డ నుంచి పెద్దమ్మ ఫోన్ చేసింది. "పాపా, మీ పెదనాయన పోయినాడు" అంది. ఇంకేమీ చెప్పకుండా పెట్టేసింది.

మా నాన్నకు అన్న ఆయన. నలభై ఏళ్లు రాతి విగ్రహాలు చెక్కాడు. ఉలి పట్టేముందు రాతిని సుత్తితో మెల్లగా తట్టి, చెవి ఆనించి వినేవాడు. "లోపల పగులుంటే రాయే సెప్తాది పాపా. మనం వినల్ల" అనేవాడు. ఈరోజు రోగి వీపు మీద చెయ్యి వేసి ఓపిగ్గా ఆగగలుగుతున్నానంటే, అది ఆయన దగ్గర నేర్చుకున్నదే. ఆ రాతిపొడే ఆయన ఊపిరితిత్తుల్లో పేరుకుంది. చివరికి నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఆయాసం కంటే, ఊపిరి ఆగిపోతుందేమోనన్న భయం ఆయన్ను ఎక్కువ తినేసింది.

నంద్యాలలో నేను ఫిజియోథెరపీ చేసే చోటికి ఆ మధ్య వీఆర్ అద్దాలు వచ్చాయి. కళ్లకు కట్టుకుంటే చుట్టూ సముద్రతీరం కనిపిస్తుంది, అలలు వినిపిస్తాయి. భయం తగ్గడానికి వాడతాం. ఆయనకు మొదట కట్టింది నేనే. ఐదు నిమిషాల్లో బిగుసుకున్న భుజాలు దిగాయి. ఎన్నో నెలల తర్వాత నవ్వాడు.

"ఎట్లుంది పెదనాయనా?"

"గాలి పాపా! ఎంత గాలి తగుల్తాందో!"

గదిలో ఫ్యాను కూడా తిరగడం లేదు.

ఆ తర్వాత వారానికి రెండుసార్లు పెద్దమ్మతో బస్సెక్కి వచ్చేవాడు. రానురాను, అద్దాలు తీయబోతే నా చెయ్యి పట్టుకునేవాడు. "ఆడ పొద్దు కుంకదు, సూసినావా?" అన్నాడోసారి. నాకెందుకో ఆ మాట నచ్చలేదు.

ఒకరోజు ఆయన వేలికి పెట్టిన మీటరులో ఆక్సిజన్ పడిపోతోంది. పెదాలు నీలంగా మారుతున్నాయి. ఆయన మాత్రం నవ్వుతూనే ఉన్నాడు. అద్దాలు లాగేసి ఆక్సిజన్ పెట్టాను.

"బాగుండా కదా! ఏందీ పని?" అని నా మీద కేకలేశాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన నన్ను కసరడం అదే మొదలు.

డాక్టరు ఇక అద్దాలు వద్దన్నారు, ఇంట్లోనే ఆక్సిజన్ పెట్టించారు. పెదనాయన ఊరుకోలేదు. ఫోన్ తగిలించుకునే చవక రకం అద్దాలు తెప్పించుకున్నాడు. "ముక్కు కాడ ఆక్సిజన్ గొట్టం అడ్డమొస్తాందని పీకి పక్కన పెడ్తాండాడు. నువ్వొచ్చి సెప్పు పాపా, నీ మాటింటాడు" అని పెద్దమ్మ ఫోన్‌లో బతిమాలింది. ఆదివారం వస్తానన్నాను. ఆ ఆదివారమే ఆయన పోయాడు.

మట్టి చేసి వచ్చి, చుట్టాలంతా వెళ్లాక, పెద్దమ్మ ఆ అద్దాలు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"కట్టు పాపా. ఆయప్ప ఏం సూసి నన్నిడిసిపెట్టినాడో సూస్తా."

వద్దనలేకపోయాను. కట్టాను. వాకిట్లో నేల మీద కూర్చుని తల అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత కుడిచెయ్యి చాపి, ఎదురుగా ఖాళీగాలిలో ఎవరి ముఖాన్నో తడుముతున్నట్టు మెల్లగా వేళ్లు కదిలిస్తూ ఉండిపోయింది.