నూట నలభయ్యో పేజీ దాకా

ఆ రోజుల్లో పుస్తకాలు పంచుకుని చదివేవాళ్లమంటే మా అమ్మాయి ఎంత ముచ్చటో అనుకుంటుంది. మేం నిజంగానే పంచుకున్నాం, బ్లేడుతో. రేపల్లె బండిలో రోజూ తెనాలి కాలేజీకి వెళ్లే స్నేహితురాళ్లం ముగ్గురం. డిగ్రీలో మాకో ఇంగ్లీషు నవల పెట్టారు. యుద్ధం మధ్య ఒక అక్కా తమ్ముడూ ఎలా పెరిగారన్నది కథ. తెనాలంతా గాలిస్తే పాత పుస్తకాల కొట్లో ఒక్కటంటే ఒక్క ప్రతి దొరికింది, అదీ కుట్టూడిపోయి. మాలో లాయరమ్మ (రేపల్లె పిల్ల, ప్రతిదానికీ వాదిస్తుందని ఆ పేరు) దాన్ని మూడు ముక్కలు చేసి, రైలెక్కే వరసలో పంచేసింది. మొదటిది తనకి, నడిమిది భట్టిప్రోలులో ఎక్కే నాకు, చివరిది వేమూరులో ఎక్కే నిదానానికి (బండి కదిలాకే ఎక్కేది లెండి). ఎవరి ముక్క వాళ్లు చదివి, మిగతా ఇద్దరికీ రైల్లో కథ చెప్పాలని ఒప్పందం.

నా ముక్కలో ఆ తమ్ముడికి ఎక్కడో ఒక పంచదార గడ్డ దొరుకుతుంది. యుద్ధం అయిపోయాకే తింటానని రేకు డబ్బాలో దాస్తాడు. రోజూ మూత తీసి ఒక్కసారి నాకి, మళ్లీ పెట్టేస్తాడు. మా తమ్ముడు బెల్లంముక్కతో అచ్చం ఇదే చేసేవాడు. దాంతో ఆ పిల్లాడు పుస్తకంలోవాడన్న సంగతే మర్చిపోయాను. వాడంటే ప్రాణంగా ఉండేది.

నిదానం వంతు వచ్చేసరికి దానికి గవదబిళ్ళలు వచ్చాయి. ఆ వారమే క్లాసులో నవలలోని పాత్రలు, ఇతివృత్తం గురించి నేను మాట్లాడాలి. బాగా మాట్లాడినవాళ్లని బాపట్లలో జరిగే కాలేజీల పోటీకి పంపిస్తానన్నారు మా సారు. నేను అప్పుడే బాపట్ల వెళ్లిపోతున్నట్టు ఇంట్లో చెప్పేశాను. అమ్మ చీర కూడా ఇస్త్రీ చేయించింది.

"చివర్లో ఏమవుతుందే?" అని లాయరమ్మని అడిగాను.

"ఏమవుద్ది, యుద్ధం ఆగిపోద్ది, పంచదార తింటాడు. అంత దాచింది ఎందుకు మరి?" అంది. వాదన నాకు సబబుగానే తోచింది.

క్లాసులో దంచేశాను. తల్లి ఓర్పు, అక్క పెద్దరికం అన్నీ అయ్యాక, తమ్ముడు పెద్దవాడై మిఠాయి కొట్టు పెట్టుకున్నాడని (ఇది పూర్తిగా నా సొంతం), కాబట్టి నవల ఇతివృత్తం ఆశ అని ముగించాను. వెనక బెంచీలోంచి ఒకమ్మాయి, "సార్, ఆ పిల్లాడు చచ్చిపోతాడు కదండీ," అంది.

తప్పు దొరికిపోయిందని సిగ్గుపడాల్సింది పోయి నాకు కోపం వచ్చింది. "లేదండి, వాడు బతికే ఉన్నాడండి. నేను చదివాను," అన్నాను.

సారు కళ్లజోడు తీసి చేత్తో పట్టుకున్నారు. "ఎందాకా చదివావమ్మా?"

"నూట నలభయ్యో పేజీ దాకానండి."

"అక్కడిదాకా బతికే ఉన్నాడమ్మా. కూర్చో," అన్నారు. ఆ మాట అన్న తీరుకి కూర్చున్నాక ఏడుపొచ్చింది. బాపట్లకి వెనక బెంచీ అమ్మాయే వెళ్లింది. ఇస్త్రీ చీర అమ్మ పేరంటానికి కట్టుకెళ్లింది.

తర్వాత నాకు ఉద్యోగం ఆ బాపట్లలోనే వచ్చింది. చేసేది ఇంగ్లీషు పాఠాలు చెప్పడమే. మొన్న నిదానం మనవలతో సూర్యలంక వచ్చి, పోతూ పోతూ మా ఇంటికొచ్చింది. సంచిలోంచి మూడో ముక్క తీసి, "ఇన్నాళ్లకి ఇస్తున్నానే, తిట్టుకోకు," అంది. అది వెళ్లాక నా ముక్కకి దాన్ని చేర్చి దారంతో కట్టాను. టీవీలో ఏదో దేశంలో యుద్ధం చూపిస్తున్నారు, పిల్లలు గిన్నెలు పట్టుకుని వరసలో నిలబడ్డారు. టీవీ కట్టేశాను.

నూట నలభై ఒకటో పేజీ ఇంకా తిప్పలేదు. ఏమవుతుందో ఈ వయసులో నాకెవరూ చెప్పక్కర్లేదు. అయినా చివరి పేజీ చదవని ఇంగ్లీషు మాస్టారమ్మనని నాలో నేనే నవ్వుకుంటూ, అప్పుడప్పుడూ నా ముక్క మాత్రం తీసి చూస్తుంటాను. వాడు పంచదార ఒక్కసారి నాకి, మూత పెట్టేస్తాడు.