బాయి అన్న మాట

మా మేనత్త పురుటింటికి పోదు. ఎంత దగ్గరివాళ్ళైనా సరే. నా బిడ్డ పుట్టినప్పుడు మిర్యాలగూడ దవాఖాన దాకా వచ్చి, మెట్ల దగ్గరే ఆగిపోయి, బాలింతకని చేసిన మిరియాల కారం డబ్బా నా చేతిలో పెట్టింది. "నువ్వు తీస్కపో అల్లుడా. నేను సూస్తే మంచిగ కాదు," అంది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అందరి ముందూ అరిచాను, ఈ కాలంలో కూడా ఇవేం పట్టింపులని. ఆమె కొంగుతో మెట్టు తుడుచుకుని అక్కడే కూర్చుంది. పసిగుడ్డును బయటికి తెచ్చి చూపిస్తే ముఖం పక్కకు తిప్పుకుంది.

ఎందుకో మా ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు.

మాది గొర్లు కాసిన ఇల్లు, ఊరు త్రిపురారం. ఇప్పుడంటే కాలువ నీళ్ళు, వరి మళ్ళు. అప్పట్లో ఎండాకాలం వచ్చిందంటే గొర్లకు గడ్డిపోచ దొరికేది కాదు. మగవాళ్ళు మందలు తోలుకుని కృష్ణ దాటి ఎటెటో పోయేవాళ్ళు, వానలు పడ్డాక తిరిగొచ్చేవాళ్ళు. మా తాత అలా పోయిననాటికి మా నాన్నకు నాలుగేళ్ళు, మేనత్త ఇంకా కడుపులోనే ఉంది. ఆ ఏడు వానలు పడ్డా తాత రాలేదు. అత్త పుట్టి మూడు నెలలయ్యాక కబురు వచ్చింది. తెచ్చినవాడు ఎవరో వేరే ఊరి గొర్లకాపరి. అతనికి ఇంకెవరో దారిలో చెప్పారట. వాకిట్లో నిలబడి ఉన్న ముక్క చెప్పేసి, మంచినీళ్ళు తాగి పోయాడు.

"బాయిల పడ్డడు. గాన్నే మన్ను జేసిన్రట."

మన్ను చేయడమంటే పూడ్చిపెట్టడం. మా దిక్కు బాయి అంటే నీళ్ళ బావి. ఒక మనిషి బాయిల పడ్డాడంటే కాలు జారిందని ఎవరూ అనుకోరు. ఎందుకు పడ్డాడని అడుగుతారు. ఆ ఎందుకుకు జవాబు కూడా ఊరే వెతికిపెట్టింది. ఆడపిల్ల పుట్టిందని ఎవరో చెప్పి ఉంటారు, అందుకే పడ్డాడు అని.

అత్త ఆ మాట వింటూ పెరిగింది. నీళ్ళకని బాయి మీదికి పోతే ఆడవాళ్ళు మాటలు ఆపి చూసేవాళ్ళట. మా నాన్న కూడా చిన్నప్పుడు, ఏదో కొట్లాటలో, "నువ్వు పుట్టవట్టే నాయిన వొయిండు" అన్నాడట. పెద్దయ్యాక ఆ సంగతి నాకు చెప్పి ఏడ్చాడు. చెల్లెలికి చెప్పి ఏడవాల్సిన మాట అది. చెప్పలేకపోయాడు, చెప్పకుండానే పోయాడు. ఊళ్ళోకి నల్లా నీళ్ళు వచ్చిన రోజు అందరికంటే ఎక్కువ సంబరపడింది అత్తే. తాతను ఆమె "నాయిన" అనగా నేను ఏనాడూ వినలేదు. తప్పనిసరైతే "మీ తాత" అనేది, ఆయన నాకు ఒక్కడికే చుట్టమైనట్టు.

సూర్యాపేటలో నాది ఫోటో స్టూడియో. అనడానికి స్టూడియోనే గానీ ఇప్పుడు అక్కడ జరిగేది పాస్‌పోర్ట్ సైజులు, లామినేషన్లు, ఆధార్ జిరాక్సులు. సెల్‌ఫోన్ వచ్చాక ప్రతివాడూ ఫోటోగ్రాఫరే. నాకు మిగిలిన గొప్ప ఒక్కటే, పాత ఫోటోల పని. తడిసినవి, చెదలు కొట్టినవి, అన్నదమ్ములు పంచుకోబోయి చింపుకున్నవి, ఏవైనా తెండి, ముఖాలు మళ్ళీ తేల్చి ఇస్తాను. ఈ మాట నేనే చెప్పుకోవాలి, నా గురించి చెప్పేవాళ్ళు ఎవరూ లేరు.

పోయిన ఎండాకాలం కోదాడ నుంచి ఒక రిటైర్డ్ టీచరమ్మ వచ్చింది. చేతిలో పాత బిస్కెట్ల రేకు డబ్బా. అందులో నూరు దాకా ఫోటోలు.

"మా తాతయ్యగారు బంగారు గనుల్లో ఓవర్సీరుగా చేశారండి. కెమెరా పిచ్చి ఆయనకి. ఇవన్నీ పుస్తకంగా వేయించాలని నా కోరిక," అంది.

"పెట్టి పోండమ్మా. వారంలో చేసిస్తా."

"పెట్టి వెళ్ళనండి. నా కళ్ళ ముందే చేయండి."

నాకు చిర్రెత్తుకొచ్చింది. నేనేమన్నా మింగేస్తానా? కసురుకుంటూనే స్టూలు వేశాను. ఆమె మూడు రోజులు వరసగా కోదాడ బస్సు దిగి వచ్చి ఆ స్టూలు మీద కూర్చుంది. ఒక్కో ఫోటో తనే తీసిచ్చేది, స్కాన్ అవగానే తనే తుడిచి డబ్బాలో పెట్టుకునేది. రెండో రోజు నుంచి పులిహోర కూడా తెచ్చింది. పులిహోర తిన్నాక మనిషిని కసరడం కుదరదు.

ఫోటోలు మాత్రం ఏమాటకామాటే, చూస్తే వదలబుద్ధి కాలేదు. అన్నీ కృష్ణ అవతలి గుట్టల్లో తీసినవి. గుట్టను తొలిచి వేసిన సన్న రైలు పట్టాలు, వాటి మీద పొగ కక్కుతూ మలుపు తిరుగుతున్న బుల్లి ఇంజను. రాళ్ళు నింపిన ఇనుప డబ్బాలను వంగి నెడుతున్న మనుషులు. గని మీద నిలబెట్టిన ఎత్తైన ఇనుప చట్రం, దాని కొసన చక్రం, చక్రం మీంచి లోపలికి దిగే తాడు. పట్టాల పక్కన కంకర గంపలు దించి నడుముల మీద చేతులు పెట్టుకున్న ఆడవాళ్ళు.

"ఇన్ని ఫోటోలున్నయి, బంగారం ఏదమ్మా?" అన్నాను.

"తాతయ్య కూడా ఎప్పుడూ చూడలేదటండి. ఆయన చూసిందంతా రాయే," అని నవ్వింది.

ఆ ఓవర్సీరుకు ఒక మంచి అలవాటు ఉంది. ఫోటో వెనక పెన్సిలుతో మనుషుల పేర్లు, ఊర్లు, ఒక్కొక్కరి గురించి ఒక మాట రాసుకునేవాడు. "బాగా పాడతాడు." "పాముకి భయపడడు, తేలుకి భయం." అలాంటివి. అందుకని నేను వెనకవైపులు కూడా స్కాన్ చేస్తున్నాను.

మూడో రోజు మధ్యాహ్నం ఒక ఫోటో వచ్చింది. గని ముందు ఐదుగురు కూలీలు, నెత్తిన దీపాలతో. చివరివాడి భుజం మీద మడత వేసిన గొంగడి. ఆ చివరివాడు నవ్వుతున్నాడు. ఆ రోజుల్లో ఫోటోలో ఎవరూ నవ్వరు. ఊపిరి బిగబట్టి, కొయ్యబారి నిలబడతారు. ఇన్నేళ్ళలో నా చేతుల మీదుగా ఎన్ని పాత ఫోటోలు పోయాయో, పళ్ళు కనపడేలా నవ్విన కూలిమనిషిని నేను చూడలేదు. వీడెవడో సరదా మనిషని తిప్పి చూశాను.

వెనక మా తాత పేరు ఉంది. మా నాన్న ఆధార్ కార్డులో తండ్రి పేరు దగ్గర ఎన్నోసార్లు జిరాక్స్ తీసిన అదే పేరు. పక్కన, త్రిపురారం. దాని కింద ఇలా రాసుంది:

"గొర్రెల ఆయన. ఇంటి దగ్గర ఆడపిల్ల పుట్టిందని ఇవాళే కబురొచ్చిందట. అందరికీ బెల్లం పంచాడు. నాకూ పెట్టాడు."

ఇంకా కింద, ఈసారి సిరాతో, మరో ముక్క. "బాయిలో పోయాడు."

ఇంత జరిగినా నా బుర్రకు తట్టింది మళ్ళీ ఆ నీళ్ళ బాయే. బెల్లం పంచినవాడు బాయిలో ఎందుకు దూకాడు? అదే అడిగాను టీచరమ్మను. "గనుల కాడ నీళ్ళ బాయి ఏమన్నా ఉండేదా అమ్మా?"

ఆమె అద్దాలు పెట్టుకుని చదివింది.

"నీళ్ళ బావి కాదండి. మీ వైపు నుంచి వచ్చినవాళ్ళు గనిని బాయి అనేవారట. వినీ వినీ తాతయ్యకీ అదే అలవాటైపోయింది. ఇంట్లో కూడా 'బాయికి వెళ్ళొస్తా' అనేవారు, నాయనమ్మ నవ్వేది. ఒకసారి లోపల రాయి జారి మనుషులు పోయారండి. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం ముట్టలేదని చెప్పేవారు. గొర్రెలకి రోగమొచ్చి మంద పోతే, ఉత్త చేతులతో ఇంటికెళ్ళలేక పనిలో చేరినాయన ఒకడున్నాడని కూడా అనేవారు." నా ముఖం చూసింది. "మీకేమవుతారండి?"

చెప్పాను. మొత్తం చెప్పాను, దవాఖాన మెట్లతో సహా.

నా మీద నాకే పట్టరాని కోపం వచ్చింది. బొగ్గు బాయి అన్న మాట నేను వెయ్యిసార్లు విన్నాను. బాయి పని చేసేవాళ్ళ పెళ్ళిళ్ళకు ఫోటోలు తీశాను, బాయిల కొలువని పిల్లనిచ్చారన్న మాట పందిట్లో విన్నాను. ఒక్కనాడైనా మా తాత బాయి అదే అయి ఉండొచ్చని తోచిందా? మా ఇంటి బాయిలో మేమందరం ఎప్పుడూ నీళ్ళే చూశాం. అడిగినవాడు లేడు. అడగడానికి సిగ్గు.

మూడు రోజులుగా ఫోటో నా చేతిలో క్షణం ఎక్కువసేపు ఉంటే గింజుకున్న మనిషి, ఆ ఒక్కటీ డబ్బాలో పెట్టుకోలేదు. కాగితంలో చుట్టి నా ముందుకు జరిపింది. "నా పుస్తకానికి స్కాన్ చాలండి. వెనక రాసింది మీ అత్తయ్యగారిది," అంది. నేను ఆమెకు దండం పెట్టాను. మామూలుగా నేను ఎవరికీ పెట్టను.

మర్నాడు పొద్దున్నే షాపు తెరవకుండా త్రిపురారం పోయాను. బస్సులో దారి పొడుగునా ఎలా చెప్పాలా అని ఆలోచన. మా నాన్న కూడా ఉండి ఉంటే అన్న బాధ ఒక పక్క. ఇన్నేళ్ళు మోసింది ఉత్తదే అని తెలిస్తే ఆ మనిషి తట్టుకుంటుందా అన్న భయం ఇంకో పక్క.

అత్త వాకిట్లో చాటతో బియ్యం చెరుగుతోంది. డెబ్బై దాటినా చెయ్యి ఊరికే ఉండదు.

"అత్తా, తాత ఫోటో దొరికింది."

చాట ఆగలేదు. "మీ తాత ఫోటో నాకెందుకు అల్లుడా. నీ కాడనే ఉంచుకో."

ఇక సుత్తి కొట్టకుండా ఫోటో తిప్పి వెనక ఉన్నది చదివాను. బెల్లం దగ్గరికి వచ్చేసరికి చాట ఆగింది.

"మల్ల సదువు."

మళ్ళీ చదివాను.

"బెల్లమని ఏడున్నది?"

అత్తకు చదువు రాదు. చూపించాను. బియ్యపు తవుడు అంటిన వేలు తెచ్చి ఆ మాట మీద పెట్టింది. "గిదేనా?"

"గిదే."

"ఆడపిల్లని ఏడున్నది?"

"గీడ."

ఆ మాట మీద వేలు చాలాసేపు ఉంచింది. "గా ఆడపిల్ల నేనేనా?"

"ఇంకెవలత్తా. నువ్వే."

అప్పుడు బాయి సంగతి చెప్పాను. గొర్లు చచ్చిపోవడం, గుట్టల్లో గని, గనిని బాయి అనడం, రాయి జారడం. ఆమె ఏ మాటా దాటనివ్వలేదు, ప్రతిదానికీ ఆపి అడిగింది.

"అంటే కూలికి వొయిండా?"

"కూలికే."

"తనంతట తాను పడలే?"

"పడలే అత్తా. రాయి మీద పడ్డది. నువ్వు పుట్టినవని తెలిసినంక గూడ పనికి వొయిండు. మల్ల గొర్లు కొనుక్కొని ఇంటికి రావాల్నని వొయిండు."

ఆ చివరి మాట ఎక్కడా రాసిలేదు. నేనే కలిపాను. అబద్ధమని నేను అనుకోను.

అత్త ఏడ్చింది. చాటలో తల పెట్టి, బియ్యమంతా తడిసేలా ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచుకోవడం దేనికి. కాసేపటికి ముఖం తుడుచుకుని, ఫోటో తనే తిప్పి ఆ చివరి మనిషిని చూసింది. దగ్గరికి పెట్టుకుని చూసింది, దూరంగా పెట్టి చూసింది.

"నవ్వుతుండు సూడు," అంది. "అచ్చం మా అన్న పండ్లే." మా నాన్న నవ్వినా పళ్ళు ఇలాగే కనపడేవి.

మా ఏడుపు విని పక్కింటి ఆమె గోడ మీంచి తొంగి చూసింది. "ఏమైంది వదినా? ఎవలు గా ఫోటోల?"

నేను నోరు తెరవబోయాను. అత్త చేత్తో ఆపింది. మోకాళ్ళు పట్టుకుని లేచి గోడ దాకా నడిచి, ఫోటో ఎత్తి పట్టుకుంది.

"మా నాయిన," అంది. వాడకట్టంతా వినపడేంత గట్టిగా అంది. "బాయిల పడ్డడు. బంగారం బాయిల. నేను పుట్టిన్నని అందరికి బెల్లం పంచిండు. ఆగు, నీగ్గూడ ఇంత పెడ్త."