మాదూబే వడ్డించిన పళ్ళెం

మా పెద్దమ్మ లోజిందాబాను పేటంతా పుట్టింటి పేరుతో మాదూబే అనేవారు. ఆమె పెళ్ళయి వచ్చిన ఏడే మా పేట పక్కన కరెంటు కేంద్రం లేచింది. అప్పటికింకా మా దేశం తెల్లవాళ్ళ ఏలుబడిలోని రొడీషియా. వాంకీ గనుల నుంచి రైళ్ళలో బొగ్గు దిగేది. తీగలు మా రేకుల కప్పుల మీదుగా తెల్లవాళ్ళ వీధులకు పోయేవి. మాకు దిగింది బూడిదే.

అది పొయ్యి బూడిదలాంటిది కాదు. జిడ్డుగా, గరగరలాడుతూ ఉండేది. నీళ్ళ కుండలో తెట్టు కట్టేది. చంటిపిల్లలకు నల్లటి చీమిడి కారేది. పెదనాన్న ఫినియాస్ ఆ కేంద్రంలోనే బాయిలర్ల కింద బూడిద లాగేవాడు. పొద్దున్నే గుమ్మం పక్కన ఉమ్మితే తారు ముద్దలా పడేది. పెద్దమ్మ దానిమీద ఇంత మట్టి కప్పి, గంజి కాయడానికి కూర్చునేది.

మూడో పొగగొట్టం కట్టాక ఆడవాళ్ళు గొడవకు దిగారు. ఒక ఆదివారం పెద్ద ఇంజనీరు దుబాసీని వెంటబెట్టుకొని వచ్చాడు. తెల్ల చొక్కా, చేతిలో రుమాలు. అది ముక్కుకు అద్దుకుంటూనే, "ఈ బూడిద వల్ల ఏ హానీ లేదు. మీరు శుభ్రంగా ఉంటే చాలు" అన్నాడు.

పెద్దమ్మ వేడి మొక్కజొన్న సంకటి పళ్ళెంలో పెట్టి వాకిట్లో అతని ముందు బల్ల మీద ఉంచింది. అతను మాట్లాడటం ముగించేసరికి తెల్లటి సంకటి మీద బూడిద రాలి మిరియాల పొడి చల్లినట్టయింది.

"తినండి దొరా. హాని లేదన్నారుగా."

దుబాసీ ఆమె వైపు వంగాడు. "ఎందుకమ్మా ఈ తంటా?"

"చెప్పవయ్యా. వచ్చిన మనిషికి ముద్ద పెట్టకపోతే మాకే మాట."

చెప్పకుండానే ఇంజనీరుకు అర్థమైంది. ఒక్క వేలితో పళ్ళేన్ని అవతలికి నెట్టి, ఆ వేలిని రుమాలుతో తుడుచుకున్నాడు. అది చూసి పెద్దమ్మ పళ్ళెం తన దగ్గరకు లాక్కుంది. ముద్ద తీసి తనే నోట్లో పెట్టుకుంది. పళ్ళ కింద కరకరమన్న చప్పుడు చుట్టూ నిలబడ్డవాళ్ళకు వినపడింది.

"మేం రోజూ తినేది ఇదే. మీకు చూస్తేనే వెగటా?"

మర్నాడే పెదనాన్న ఉద్యోగం ఊడింది. ఉద్యోగంతో పాటు కేంద్రం వాళ్ళిచ్చిన ఇల్లూ పోయింది. ఇద్దరూ మూట పట్టుకుని మా ఇంటికి వచ్చారు.

"నోరు మూసుకుని ఉంటే ఏం పోయేది వదినా?" అన్నాడు మా నాన్న.

"మూసుకునే ఉన్నాం మరిదీ. అయినా బూడిద లోపలికి పోయింది."

ఆ వారం నుంచే తెల్లవాళ్ళ ఇళ్ళకు చాకిరీకి పోయే మా పేట ఆడవాళ్ళు వాళ్ళ దుప్పట్లు ఉతకడం మానేశారు. మాసిన దుప్పట్లు ఆ ఇళ్ళలో కుప్పలు పడ్డాక గానీ పొగగొట్టాలకు బూడిద పట్టే జల్లెళ్ళు రాలేదు. పెదనాన్న మాత్రం ఆ చలికాలం దాటలేదు. కేంద్రం వాళ్ళు పూలదండ పంపారు. పెద్దమ్మ దాన్ని చేత్తో ముట్టలేదు. చీపురుతో వీధిలోకి నెట్టింది.

స్వతంత్రం వచ్చాక మా ఇంటికీ కరెంటు ఇచ్చారు. బల్బు వెలగగానే అందరం చప్పట్లు కొట్టాం. పెద్దమ్మ గోడలకేసి చూసింది. దీపపు వెలుగులో ఎన్నడూ కనపడని నల్లటి జిడ్డు పైనుంచి కిందిదాకా చారలు కట్టి ఉంది.

"ఛీ, ఇందులోనా ఇన్నాళ్ళూ పడుకున్నాం?" అని, చప్పట్లు కొడుతున్న మమ్మల్ని తోసుకుంటూ వాకిట్లోకి వెళ్ళి కూర్చుంది. ఎంత పిలిచినా ఆ రాత్రి లోపలికి రాలేదు.