కంప్యూటర్ చూసిన సంబంధం

మేము పటమటలోని ఒక పెళ్లిళ్ల బ్యూరోకి సాఫ్ట్‌వేర్ రాస్తున్నాం. బయోడేటాలు పెరిగేసరికి వెతకడం నెమ్మదించింది. అందుకని ఈ రోజు హైదరాబాదు నుంచి ఒక కన్సల్టెంట్ వచ్చారు. వివరాలను ఒకదానితో ఒకటి ముడిపెట్టి నేను కట్టిన టేబుల్స్ అన్నీ తీసేసి, ఒక్కో బయోడేటాను ఒక్కో కాగితంలా విడివిడిగా దాచే కొత్త డేటాబేస్ పెట్టమన్నారు. మా సార్ అప్పటికే తల ఊపుతున్నారు. నాకు మాత్రం నమ్మకం కుదరలేదు.

"మరి ఎవరికెవరు ఏమవుతారో ఎలా తెలుస్తుందండీ?" అని మెల్లగా అడిగాను.

"గోత్రం చూస్తుంది కదమ్మా, ఇంకేం కావాలి?" అన్నారు కన్సల్టెంట్.

బ్యూరో బయోడేటాలన్నీ ఎక్కించి ఆయన నమూనాగా చూపిస్తున్న కొత్త డేటాబేస్‌లో, మా అమ్మ పట్టుబట్టి బ్యూరోకి ఇచ్చిన నా బయోడేటానే వేసి చూశాను. క్షణంలో వరుడు వచ్చాడు.

"చూశారా సార్, స్పీడు!" అన్నారాయన.

"ఈయన గన్నవరంలో ఉండే మా పెద్దమ్మ కొడుకండీ. నాకు అన్నయ్య," అన్నాను.

గోత్రాలు వేరే మరి. ఇలాంటివి పట్టుకోవడానికే నా టేబుల్స్‌లో వధూవరులిద్దరి తల్లుల పుట్టిళ్లను కూడా కలిపి పెట్టాను.

మా సార్ గొంతు సవరించుకున్నారు. "టేబుల్సే ఉంచుదాం లెండి. స్పీడు సంగతి వేరేగా చూద్దాం."

పెళ్లి మాటెత్తితే చాలు, మాట మార్చే అన్నయ్య బయోడేటా అక్కడికెలా వచ్చిందా అన్నదే ఇప్పుడు నా అనుమానం. పెద్దమ్మని అడగనా, అన్నయ్యనే అడగనా? మీరేమంటారు?