పెళ్లిపెద్ద కూర్చున్న నా యాంప్లిఫైయర్

డిప్లొమా పూర్తయిన ఏడాది కవిటిలో ఒక పెళ్లికి కీబోర్డు వాయించమని పిలిచారు. అదే నా మొదటి ప్రోగ్రాం. బరువెంత, ఎన్ని వాట్లు, కరెంటు పోతే బ్యాటరీ మీద నడుస్తుందా అని కాగితం మీద రాసుకుని, పలాసలో నాలుగు షాపులు తిరిగి, స్పీకరు కూడా లోపలే ఉన్న ఒక చిన్న పెట్టెలాంటి యాంప్లిఫైయర్ కొన్నాను.

రెండో పాటకే శబ్దం అణిగిపోయింది. కీబోర్డు దగ్గరి వైర్లన్నీ తడిమి చూశాను. లోపం లేదు.

“ఏట్రా అబ్బాయి, నీ పెట్టి మూగబోయిందేటి?” అని పెళ్లికొడుకు తండ్రి అరిచాడు. అందరూ నవ్వారు.

తలెత్తి చూస్తే ఆయన కూర్చున్నది దాని మీదే! పంచె స్పీకరును పూర్తిగా కప్పేసింది.

“మావా, మీరు కూకున్నదే ఆ పెట్టి!” అన్నాను.

“పీటనుకున్నాన్రా. ఎచ్చగా బాగుంది, నువ్వు వాయించు,” అన్నాడే గాని లేవలేదు. వియ్యంకుణ్ణి లెమ్మనే ధైర్యం ఆడపెళ్లివారికీ లేదు.

పాటలన్నీ ఆయన కిందే నలిగిపోయాయి. చివరికి వాయించడం రాదన్న పేరు మాత్రం నాకొచ్చింది!

ఇప్పుడెవరు సలహా అడిగినా మొదట చెప్పేది ఒకటే: పైభాగం ఏటవాలుగా ఉన్నదే కొనండి.