పప్పు ఉడికిన చోటే ఇల్లు

మా పెద్దమ్మ పోయి ఇవాళ్టికి పదకొండు రోజులు. ఆమె గురించి కొన్నాళ్ళు ఆగి, మనసు కుదుటపడ్డాక రాయవచ్చు. కానీ ఈ నెల ఇరవై రెండున మా పంచాయతీ కూర్చుంటుంది. ఊరి ఇసుకదిబ్బ మీద నీళ్ళ మోటారు దించడానికి ఒప్పుకోవాలో వద్దో ఆ రోజు తేలుస్తుంది. ఆ మోటారు ప్రస్తావన వచ్చింది నేను రాసిన ఒక్క వాక్యం వల్ల. దాన్ని దిద్దమని పెద్దమ్మ నన్ను అడిగింది. నేను దిద్దకముందే వెళ్ళిపోయింది. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

ఆ కబురు నాకు నరసాపురం స్టేషను బయట, ఆటో కోసం నిలబడి ఉండగా అందింది. ఫోనులో అమ్మ "పెద్దమ్మ లేదే" అంది. ఎక్కడికి వెళ్ళిందని అడిగాను. అప్పుడు అమ్మ వివరంగా చెప్పింది. పొద్దున్నే నీళ్ళకు వెళ్ళిన పెద్దమ్మ దిబ్బ మీద సరుగుడు చెట్టుకు ఆనుకుని కూర్చుని ఉందట. వెనక వెళ్ళిన ఆడవాళ్ళు పిలిస్తే పలకలేదట. పక్కన బిందె సగం నిండి ఉందట.

ఆమె మాకు చుట్టం కాదు. మా దడికి అవతలి ఇల్లు ఆమెది. వాళ్ళది సముద్రం మీద వేటకు వెళ్ళే కుటుంబం, మాది చర్చి వీధిలో కూలి కుటుంబం. అయినా ఊరంతా ఆమెను పెద్దమ్మ అనే పిలిచేది. ఆమెకన్నా వయసులో పెద్దవాళ్ళు కూడా.

మా కొత్తదిబ్బలో తాగే నీళ్ళు దిబ్బ మీది చెలమల్లోనే దొరుకుతాయి. చెలమ అంటే ఇసుకలో మోకాలి లోతున తీసిన గుంట. కాసేపు చూస్తూ కూర్చుంటే అడుగున నీరు ఊరుతుంది. సముద్రం కూతవేటు దూరంలోనే ఉన్నా ఆ నీరు తియ్యగా ఉంటుంది. దిబ్బ తాగిన వాన నీరు అది. ఆ కింద అంతా ఉప్పు నీరే. "ఉప్పు మీద తీపి తేలతందే పిల్లా. మనం ఆ తీపి మీద తేలతన్నాం," అనేది పెద్దమ్మ.

చెలమ దగ్గర ఆమెకు కొన్ని పద్ధతులుండేవి. పది అడుగుల ఇవతలే చెప్పులు విడవాలి. కొబ్బరిచిప్పతో తప్ప తోడకూడదు. మొదటి మూడు చిప్పలు సరుగుడు మొదట్లో పోయాలి. వచ్చేటప్పుడు తాటాకు కప్పి రావాలి. అన్నిటికన్నా ముఖ్యం, దిబ్బ మీద మోటారు మాట ఎత్తకూడదు. పక్క ఊళ్ళో ఎవరో తోటకు మోటారు పెడితే రెండు వేసవులకే వాళ్ళ చెలమలు ఉప్పుబారాయి. పెద్దమ్మ పుట్టిల్లు ఆ ఊరే. "తోడితే ఊరుద్ది, లాగితే ఉప్పొస్తది" అనే మాట ఆమె అక్కడి నుంచి తెచ్చుకున్నదే.

ఒకసారి సముద్రం చూడటానికి వచ్చినాయన ఒకరు కాళ్ళకంటిన ఇసుక కడుక్కుందామని చెలమలోకి దిగబోయారు. పెద్దమ్మ పరుగెత్తలేదు, అరవలేదు. "బాబుగారూ, మీ ఇంట్లో మంచినీళ్ళ కుండలో కాళ్ళు కడుక్కుంటారాండి?" అని అడిగింది.

"అయ్యో, లేదండి."

"మరి మా కుండలో ఎందుకండీ?"

ఆయన నవ్వేసి, వెనక్కి వచ్చి చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డారు. పెద్దమ్మ ఆయనకు చిప్పతో నీళ్ళు తోడి ఇచ్చింది. తాగడానికి ఒక చిప్ప, కాళ్ళకు ఒక చిప్ప.

మా ఊళ్ళో ఎవరు ఇల్లు కట్టుకోవాలన్నా ముందు పెద్దమ్మను తీసుకెళ్ళేవారు. ఆమె ఆ స్థలంలో గుంట తీయించి, ఊరిన నీళ్ళు గిన్నెలో పోసి, మూడు ఇటుకలు పెట్టి, సరుగుడు పుల్లలతో మంట వేసి, గుప్పెడు కందిపప్పు పడేసేది. ఉప్పు నీటిలో పప్పు ఉడకదు. ఎంత మంట వేసినా గింజ గింజలాగే ఉంటుంది. ముందు రోజు నానబెట్టి తెస్తానని ఎవరైనా అంటే ఊరుకునేది కాదు. "నానబెడితే ఏ నీళ్ళలోనైనా కాస్తో కూస్తో ఉడుకుద్ది. అది పప్పుని మోసం చేయటం, మనల్ని మనం మోసం చేసుకోటం."

నా చిన్నప్పుడు మా నాన్నకు ఇంటి స్థలం కోసం రెండు చోట్లు చూపించారు. ఉప్పుటేటి వైపుది పెద్దది, దిబ్బ వైపుది చిన్నది. నాన్న పెద్దదాన్ని చూసి మురిసిపోయాడు. పెద్దమ్మ రెండు చోట్లా పప్పు పెట్టింది. ఏటి వైపు పప్పు ఉడకలేదు. నాన్న ఇంకా ఆ స్థలం కొలతలు చెబుతూనే ఉంటే, "ఏరా, స్థలం తింటావా, అన్నం తింటావా?" అంది. మేం దిబ్బ వైపే ఇల్లు కట్టుకున్నాం. ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉన్నాం.

మా ఇంట్లో బడికి వెళ్ళిన మొదటి మనిషిని నేనే. నేను డిగ్రీ పూర్తి చేసిన రోజు పెద్దమ్మ ఎండు మెత్తళ్ళు వేయించి తెచ్చింది. పింఛను కాగితం వచ్చినా, ఆసుపత్రి చీటీ వచ్చినా నా దగ్గరికే తెచ్చేది. చదివించుకుని, "ఇంకోసారి చదువు" అనేది. రెండోసారి విన్నాకే నమ్మేది. "నోటి మాట గాలికి పోద్దే. నీ మాట కాగితం మీద కూచుంటది. చూసుకుని కూచోబెట్టు," అంది ఒకసారి. నేను అప్పుడు నవ్వాను.

పోయిన ఏడాది, మూతపడ్డ రొయ్యల చెరువులు పూడ్చి ఒక లేఅవుట్ వేశారు. దాని మేనేజరు గారు మా ఇంటికి వచ్చి, ఊరు చూడటానికి వచ్చేవాళ్ళకూ స్థలాలు కొనేవాళ్ళకూ ఇవ్వడానికి చిన్న పుస్తకం వేస్తున్నామనీ, ఊరి పరిచయం నేను రాయాలనీ అడిగారు. "ఊరివాళ్ళు రాస్తేనే నిండుగా ఉంటుందండి," అన్నారు. ఆయన నన్ను ఏ అబద్ధమూ రాయమనలేదు. ఈ సంగతి ఇక్కడ చెప్పడం న్యాయం.

నేను రాశాను. సరుగుడు తోటల గాలి గురించి, మా అమ్మ లాంటివాళ్ళు అరుగుల మీద అల్లే లేసు గురించి, తెల్లవారి ఒడ్డుకు చేరే పడవల గురించి. చివర, మా ఊరి గొప్ప చెప్పుకోవాలనే ఉత్సాహంలో, "మా ఊళ్ళో ఎక్కడ తవ్వినా తియ్యటి నీరే" అని రాశాను. వాళ్ళకు ఆ వాక్యమే నచ్చింది. అట్ట మీద నీలి అక్షరాలతో వేశారు.

పుస్తకం పట్టుకుని పెద్దమ్మ దగ్గరికి పరుగెత్తాను. ఆమె చాప మీద చేపలు ఆరబెడుతోంది. అంతా చదివి వినిపించాను.

"ఆ చివర్ది ఇంకోసారి చదువు."

చదివాను.

"ఎక్కడ తవ్వినా అన్నావేంటే?"

"అంటే, మన దిబ్బ పెద్దమ్మా."

"దిబ్బ అని రాశావా?"

"లేదు."

"వాళ్ళు అమ్మేది దిబ్బా?"

ఆమె ఒక్కొక్క చేపనూ తిరగేస్తూ ఉండిపోయింది. అన్నీ తిరగేశాక, "దిద్దించు. ఎవరన్నా నమ్మేలోపు దిద్దించు," అంది.

బ్యాంకు పరీక్ష ఉంది, అయ్యాక చెబుతాలే అన్నాను. పరీక్ష నిజమే. కానీ నేను ఆగింది అందుకు కాదు. అప్పటికి మా నాన్న ఆ లేఅవుట్‌లో వాచ్‌మన్‌గా చేరి నెల కూడా కాలేదు.

తర్వాత మండపేట నుంచి భార్యాభర్తలిద్దరు వచ్చారు. ఆయన రైసుమిల్లులో చాలా ఏళ్ళు పనిచేసి మానేశారట. ధాన్యం దుమ్ముకు ఛాతీ పాడైందని, సముద్రపు గాలికి ఇక్కడ చిన్న ఇల్లు కట్టుకుందామని ఆవిడ కోరిక. చేతిలో నా పుస్తకం ఉంది. ఊళ్ళో ఎవరో చెబితే పెద్దమ్మను వెతుక్కుంటూ వచ్చారు. ఆమె నన్నూ వెంట రమ్మంది.

వాళ్ళు ఎంచుకున్న స్థలంలో గుంట తీశారు. నీరు త్వరగానే ఊరింది. ఆయన గుక్కెడు తాగి, "పర్లేదండి, బానే ఉన్నాయి," అన్నారు.

"నాలిక మర్యాద గలదండీ, ఎదటోళ్ళ మొహం చూసి మాట్లాడుద్ది," అంది పెద్దమ్మ. "కందిపప్పుకి మొహమాటం లేదండి. దాన్ని అడుగుదాం."

మంట వేసింది. పప్పు పొంగింది, నురగ కట్టింది, నీరు తగ్గితే పెద్దమ్మ మళ్ళీ పోసింది. మేనేజరు గారు కూడా వచ్చి నిలబడ్డారు. సరుగుడు నీడ మమ్మల్ని దాటి జరిగిపోయింది. గరిటె తిప్పినప్పుడల్లా గింజలు గిన్నెకు తగిలి గలగలమంటున్నాయి. చివరికి ఆవిడ ఒక గింజ తీసి రెండు వేళ్ళ మధ్య నొక్కారు. అది మెదగలేదు, జారి ఇసుకలో పడింది. ఆవిడ భర్త వైపు చూశారు. ఆయన పుస్తకం అట్ట వైపు చూసి, తర్వాత నా వైపు చూశారు. "మీరే రాశారన్నారు కదమ్మా?" అని మెల్లగా అడిగారు.

నేను నోరు తెరిచేలోపే మేనేజరు గారు అందుకున్నారు. "కంగారు పడకండి సార్. దిబ్బ మీద మోటారు దించి అందరికీ పైపులైను ఇచ్చేస్తాం. పుస్తకంలో వేశాక మాట నిలబెట్టుకోవాలి కదండీ."

పెద్దమ్మ గరిటె గిన్నెలో వదిలేసింది. "దిబ్బ మీదాండి?" అంది. ఆయన అవునన్నట్టు "ఆయ్" అన్నారు, చాలా మర్యాదగా.

దారిలో ఆమె నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. మా దడి దగ్గర ఆగి, "నీ ఒక్క మాట నిజం చేయటానికి ఊరి నీళ్ళు ఉప్పు చేస్తారంట," అంది. "దిద్దే, అమ్మా." అప్పటిదాకా ఆమె నన్ను పిల్లా అనే పిలిచేది. అమ్మా అనడం అదొక్కసారే.

అప్పుడూ నేను రేపు అన్నాను. రేపు నాన్నతో మాట్లాడి, ఎల్లుండి మేనేజరు గారితో మాట్లాడి అనుకుంటూ తొమ్మిది రోజులు గడిపాను. ఆ తొమ్మిది రోజులూ పెద్దమ్మ రెండు పూటలా దిబ్బకు వెళ్ళి కూర్చుంది. పదో రోజు పొద్దున నేను పరీక్షకు నరసాపురంలో ఉన్నాను.

ఆమెను సాగనంపిన మర్నాడే దిబ్బ కింద పైపులు దింపారు. స్థలాలు కొనేవాళ్ళంతా మోటారు కావాలంటున్నారని మేనేజరు గారు పంచాయతీకి చెప్పారు. ఊళ్ళో రెండు మాటలున్నాయి. ఇళ్ళు వస్తే పనులు వస్తాయని కొందరి ఆశ. వాళ్ళను తప్పు పట్టలేను, మా నాన్నకు పని దొరికింది అక్కడే. ఇది రాస్తున్నానని నాన్నకు చెప్పాను. "నా ఉద్యోగం సంగతి చూసి ఆపకు. మనం తాగే నీళ్ళు ఆవిడ చూపించినయ్యే కదా," అన్నాడు.

అందుకని, ఊరి పరిచయం మళ్ళీ రాస్తున్నాను. కొత్తదిబ్బకు రావాలంటే నరసాపురంలో రైలు దిగాలి. రైలు అక్కడితో ఆగిపోతుంది. అక్కడి నుంచి ఆటోలో కాలువ గట్టు మీదుగా, రొయ్యల చెరువులు దాటి రావాలి. ఉప్పు వాసన పోయి సరుగుడు వాసన తగిలితే మా ఊరు వచ్చినట్టు. గాలి మంచిది. చేపలు తాజావి. మనుషులు అడిగినదానికి జవాబు చెబుతారు, అడగనిదానికీ చెబుతారు. తియ్యటి నీరు దిబ్బ మీద మాత్రమే ఉంది, అదీ చిప్పతో తోడుకున్నంత కాలమే. లేఅవుట్ వేసిన పాత చెరువుల నేలలో పప్పు ఉడకదు. "ఎక్కడ తవ్వినా" అని నేను రాసింది తప్పు. ఆ తప్పు ఊరిది కాదు, పెద్దమ్మది కాదు, నాది.

ఇవాళ పొద్దున నేను దిబ్బకు వెళ్ళాను. ఆమె చెలమ మీద ఎవరో తాటాకు కప్పి ఉంచారు. తీసి చూస్తే అంచున ఆమె కొబ్బరిచిప్ప బోర్లించి ఉంది. ఆమె కూర్చునే చోట ఇసుక ఇంకా కాస్త పల్లంగానే ఉంది. చెలమ అడుగున నీరు చుక్కచుక్కగా చేరి, అరచేతి వెడల్పున ఆగి, ఒక సరుగుడు ఆకును మెల్లగా పైకి లేపింది. దిబ్బ కింద పైపులు ఎండకు మెరుస్తున్నాయి.

ఆ నీలి అట్ట పుస్తకం అందుకున్నవాళ్ళు, మా ఊళ్ళో స్థలం చూసుకున్నవాళ్ళు ఇది చదువుతుంటే ఒక్కసారి రండి. మీ స్థలంలోనే గుంట తీద్దాం. ఆ తర్వాత కూడా దిబ్బ మీద మోటారు కావాలనే అనుకుంటే అదే రాయండి, వద్దనుకుంటే వద్దని రాయండి. ఏది రాసినా పంచాయతీలో నేనే చదువుతాను, రెండుసార్లు చదువుతాను. ఈ పత్రిక చిరునామాకు రాస్తే నాకు అందుతుంది. ఎప్పుడు వస్తారో ఇరవయ్యో తేదీలోగా తెలియజేయండి. ఇటుకలు, పుల్లలు, పెద్దమ్మ గిన్నె సిద్ధంగా ఉంటాయి. పప్పు మాత్రం నానబెట్టను.