దొరువు నీళ్ళ మీద ఉపన్యాసం

నన్ను ప్రయోగశాల నుంచి కార్యక్రమాల విభాగానికి మార్చింది ఒక జూన్ నెలలో, రిటైర్‌మెంట్‌కు ఆరేళ్ళ ముందు. మా సంస్థ తీరప్రాంతపు నేల, నీరు, చేపల మీద పరిశోధన చేసేది. తోటపల్లి గూడూరు నుంచి సముద్రం వైపు వెళ్ళే దారిలో, రెండు పక్కలా రొయ్యల గుంటల మధ్య ఉండేది. అప్పటిదాకా నేను నీటి నమూనాలు పరీక్షించే సాంకేతిక అధికారిని. హోదా అదే, పని మాత్రం మారింది. మూడు నెలలకొకసారి ‘రాబోయే కార్యక్రమాలు’ అని ఒక కాగితం తయారు చేసి, అచ్చు వేయించి, పంచాయతీ ఆఫీసులకూ కాలేజీలకూ రొయ్య రైతుల సంఘాలకూ పంపడం నా మొదటి బాధ్యత. కాగితంలో ఎడమ పక్క సైన్సు ఉపన్యాసాలు, కుడి పక్క సాంస్కృతిక కార్యక్రమాలు. ఉపన్యాసం ఒక్కటే పెడితే జనం రారని మా డైరెక్టర్ గారి నమ్మకం. అందుకని మధ్యాహ్నం ఉపన్యాసం ఉన్న రోజు సాయంత్రం హరికథో, వీణ కచేరీయో, కోలాటమో తప్పకుండా ఉండేది.

రెండో బాధ్యత అనువాదం. ఉపన్యాసకుల్లో చాలామంది బయటి రాష్ట్రాలవాళ్ళు, ఇంగ్లీషులో మాట్లాడేవారు. వేదిక మీద వాళ్ళకు ఎడమ పక్కన రెండో మైకు దగ్గర నిలబడి నేను తెలుగులో చెప్పేవాణ్ణి. ఇందులో రెండు పద్ధతులున్నాయి. ఒకటి, వాక్యం వెంట వాక్యం చెప్పడం. దాంతో ఉపన్యాసం రెట్టింపు పొడుగవుతుంది, వినేవాళ్ళు విసుగుపడతారు. రెండోది, ఉపన్యాసకుడు కొంతసేపు మాట్లాడి ఆగాక దాని సారం చెప్పడం. నేను రెండో పద్ధతినే ఎంచుకున్నాను. కష్టమైన విషయాన్ని సులువుగా చెబుతానని నాకు కొంచెం పేరు కూడా వచ్చింది. ఆ పేరు నాకు ఇష్టంగానే ఉండేది.

నేను ఆ విభాగంలోకి వచ్చిన రెండో ఏడాది ఏప్రిల్ కార్యక్రమాల్లో డాక్టర్ శోభన గారి ఉపన్యాసం పెట్టాం. ఆమెది కేరళ, భూగర్భ జలాల శాస్త్రవేత్త. మైపాడు నుంచి దక్షిణంగా తీరం వెంట ఉన్న పాలేల్లో రెండేళ్ళు తిరిగి దొరువుల నీళ్ళు పరీక్షించారు. ఇసుక నేలలో పడ్డ వాన నీరు లోపలున్న ఉప్పునీటి మీద పలచటి పొరలా తేలి ఉంటుంది. మనిషి లోతు గొయ్యి తవ్వితే ఆ తీపినీరు ఊరుతుంది. ఆ గొయ్యే దొరువు. కడవలతో తోడుకున్నంత కాలం దానికి ఏమీ కాదు. దగ్గర్లో బోరు వేసి మోటారుతో లాగితే మాత్రం పై పొర అయిపోయి కింది ఉప్పునీరు పైకి వస్తుంది. మా కాగితంలో ఈ ఉపన్యాసానికి ‘తీరంలో మంచినీరు’ అని పేరు పెట్టి, కింద ‘అందరూ ఆహ్వానితులే’ అని వేశాను.

ఉపన్యాసకులు పది రోజుల ముందే సారాంశం పంపాలన్నది మా నియమం. శోభన గారు పంపిన దాంట్లో చివరి రెండు పేజీలు పాలేలవారీ ఫలితాలు. వాటిలో ఒక పాలెం పేరు దగ్గర ఎర్ర గుర్తు ఉంది. అక్కడ దక్షిణం వైపు దొరువుల్లో ఉప్పు పెరగడమే కాదు, నైట్రేట్ కూడా మోతాదు మించి ఉంది. తాగడానికి వాడకూడదు, ముఖ్యంగా చంటిపిల్లలకు ఇవ్వకూడదు, నైట్రేట్ వాళ్ళ రక్తంలో ప్రాణవాయువును తగ్గిస్తుంది అని రాశారు. పక్కనున్న రొయ్యల గుంటల బోర్లూ, గుంటల నుంచి వదిలే నీరూ కారణాలు కావచ్చునన్నారు. ఇరవై ఏళ్ళ పైగా ప్రయోగశాలలో పనిచేసినవాణ్ణి కనుక ఆ పేజీల అర్థం నాకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

డైరెక్టర్ గారు కూడా అది చదివి నన్ను పిలిపించారు. “ఇందులో దాచాల్సిందేమీ లేదు. కాకపోతే హాల్లో గొడవ కాకుండా చూసుకోండి” అన్నారు. అంతకు మించి ఒక్క మాట కూడా అనలేదు. తర్వాత జరిగినదానికి ఆయన్ని బాధ్యుణ్ణి చేయడం న్యాయం కాదు కనుక ఈ విషయం రాస్తున్నాను.

గొడవ అవుతుందనుకోవడానికి కారణం రమణయ్య గారు. ఆ పాలెం చుట్టూ ఉన్న గుంటల్లో ఎక్కువ భాగం ఆయనవీ ఆయన బంధువులవీ. అలాగని ఆయన చెడ్డమనిషి కాదు. వేరే రైతులు మమ్మల్ని గట్టు ఎక్కనివ్వని రోజుల్లో తన గుంటల్లో నమూనాలు తీసుకోనిచ్చిన మొదటి మనిషి. ఎండలో పనిచేసే మా వాళ్ళకు మజ్జిగ పంపేవారు. ప్రతి ఉపన్యాసానికీ పదిమందిని వెంటబెట్టుకొని వచ్చి ముందు వరుసలో కూర్చునేవారు. ఈ ఉపన్యాసానికి కూడా నేనే ఫోన్ చేసి పిలిచాను.

ఆ సాయంత్రం కోలాటం. ఆడేది ఆ పాలెం ఆడవాళ్ళే. కార్యక్రమం రెండు నెలల ముందు ఖాయం చేసినప్పుడు ఆ సంగతి నాకు పట్టలేదు. వాళ్ళు ఐదింటికి రావాలి, ఉపన్యాసం నాలుగున్నరకు అయిపోతుంది. కానీ ఆటోవాళ్ళకు ఏదో పెళ్ళి బేరం ఉందట, రెండున్నరకే వాళ్ళను గేటు దగ్గర దించి వెళ్ళిపోయారు. బయట ఎండ మండిపోతోంది. హాల్లో ఫ్యాన్లున్నాయని వాచ్‌మన్ వాళ్ళను లోపలికి పంపాడు. ఒకే రంగు చీరల్లో, ఒళ్ళో కోలాటం కర్రలు పెట్టుకొని చివరి రెండు వరుసల్లో కూర్చున్నారు. వేదిక మీద నుంచి నేను వాళ్ళను చూశాను.

శోభన గారు గంటసేపు ఓపికగా మాట్లాడారు. ఇసుక, వాన, ఉప్పునీటి పొర గురించి ఆమె చెప్పిందంతా బాగానే తెలుగు చేశాను. తర్వాత తెర మీదికి తీరం పటం వచ్చింది. ఆమె చేతిలోని ఎర్ర దీపపు చుక్కను ఆ పాలెం మీద నిలిపి, రెండు పేజీల ఫలితాలూ వివరంగా చెప్పారు. ఐదారు నిమిషాలు పట్టింది. చెప్పి నావైపు తిరిగారు.

నేను చెప్పింది ఇది: “కొన్ని చోట్ల దొరువుల నీటిలో ఉప్పూ, మరికొన్ని లవణాలూ పెరుగుతున్నట్టు డాక్టర్ గారు గమనించారు. నీటిని పరీక్ష చేయించుకొని వాడుకోవడం మంచిదని వారి సలహా.”

ముందు వరుస చప్పట్లు కొట్టింది. ఎవరికైనా ప్రశ్నలున్నాయా అని మర్యాదకు అడిగాను. వెనక వరుసలోంచి యాభై ఏళ్ళామె ఒకరు లేచి నిలబడ్డారు. కోలాటం బృందానికి పెద్ద, పేరు చెంగమ్మ. కార్యక్రమం ఖాయం చేసేటప్పుడు ఫోన్లో మాట్లాడాను గానీ మనిషిని చూడటం అదే మొదలు.

“సార్, ఆయమ్మ అంతసేపు చెప్పినాది. మీరు రెండు మాటల్లో అయిపోగొట్టినారు. మిగతాది ఏమైంది?” అని అడిగింది.

సారాంశం చెప్పానమ్మా అన్నాను.

“మాకు ఇంగ్లీషు రాదు గానీ పటం అర్థమైంది సార్. కాలవొచ్చి సముద్రంలో కలిసే కాడ ఉండేది మా పాలెమే. ఆ ఎర్ర చుక్కని ఆయమ్మ దాని మిందనే పెట్టి అంతసేపు చెప్తా ఉండాది. మీరు మా పాలెం పేరే చెప్పలా.”

హాల్లో తలలు వెనక్కి తిరిగాయి. శోభన గారు మైకు పక్కకు జరిపి, ఆమె ఏమడుగుతున్నారని నన్ను అడిగారు.

అక్కడ కూడా నాకు ఒక దారి ఉంది. ఆ పటంలో ఉన్నది మా పాలెమేనా అని అడుగుతున్నారు అని చెప్పవచ్చు. అదీ అబద్ధం కాదు. శోభన గారు అవునంటారు, నేను అవునని తెలుగులో చెబుతాను, సభ ముగుస్తుంది. ఆ మాట నా నోటిదాకా వచ్చింది. చెంగమ్మ కూర్చోలేదు. కోపంగా కూడా లేదు. బ్యాంకులో కౌంటరు దగ్గర తన వంతు వచ్చినవాళ్ళు నిలబడినట్టు, జవాబు కోసం నిలబడి ఉంది. నేను ఇంగ్లీషులో శోభన గారితో అన్నాను: మీరు చెప్పినదాంట్లో ముఖ్యమైన భాగం నేను వదిలేశాను, ఆమె అది పట్టుకున్నారు, దయచేసి మళ్ళీ చెప్పండి, ఈసారి వాక్యం వెంట వాక్యం చెబుతాను.

శోభన గారు పటాన్ని మళ్ళీ తెర మీదికి తెచ్చారు. ఒక్కో వాక్యం చెప్పి ఆగారు. నేను ఒక్కోటీ చెప్పాను. పాలెం పేరు, దక్షిణపు దొరువులు, నైట్రేట్, చంటిపిల్లలు, బోర్లు, గుంటల నీరు.

రమణయ్య గారు లేచారు. మా గుంటల వల్లనే అని ఎట్టా చెప్తారు అని అడిగారు. అది సరైన ప్రశ్నే. శోభన గారు కూడా దాన్ని సరైన ప్రశ్నగానే తీసుకున్నారు. రెండేళ్ళు వానలు తక్కువ పడటం కూడా ఒక కారణమనీ, దేని వాటా ఎంతో ఇంకా తేల్చలేదనీ, నీళ్ళు తాగకూడదన్నంత వరకు మాత్రం అనుమానం లేదనీ చెప్పారు. ఆయన ఆమెతో వాదించలేదు. నావైపు తిరిగి, “మీరు ఫోన్ చేసి పిలిస్తే వచ్చినా సార్. దీనికేనా పిలిచింది?” అని ఉత్తరీయం సర్దుకొని బయటికి నడిచారు. ఆయన వెంట ముందు వరుస దాదాపు ఖాళీ అయింది.

చెంగమ్మ ఇంకా నిలబడే ఉంది. రెండో ప్రశ్న అడిగింది. “మా కోడలికి పాలు పడలా. మూడు నెల్ల బిడ్డకి డబ్బాపాలు ఆ నీళ్ళతోనే కలిపిస్తా ఉండాం. బాగా కాచి చల్లార్చే ఇస్తన్నాం. కాస్తే పోతాది గదా?”

నేను అది ఇంగ్లీషులో చెప్పాను. జవాబు శోభన గారు చెప్పకముందే నాకు తెలుసు. కాచితే సూక్ష్మజీవులు చస్తాయి గానీ నైట్రేట్ పోదు. నీరు ఆవిరైన కొద్దీ అది ఇంకా చిక్కబడుతుంది. పరీక్ష చేయించుకొని వాడుకోండి అన్న నా సలహా విని చెంగమ్మ ఇంటికి వెళ్ళి ఉంటే, జాగ్రత్తకని ఇంకొంచెం సేపు కాచేది. శోభన గారు బిడ్డ ఒంటిరంగు ఎలా ఉంది, పెదవులు నీలంగా అవుతున్నాయా, చురుగ్గా ఉందా అని అడిగారు. బాగానే ఉంది అని చెంగమ్మ చెప్పింది. ఈ పూట నుంచే ఆ నీళ్ళు ఆపేయమనీ, రేపు పొద్దున నెల్లూరులో పిల్లల డాక్టరుకు చూపించమనీ శోభన గారు చెప్పారు. చెంగమ్మ అక్కడే ఫోన్ తీసి కోడలికి ఆ మాట చెప్పి, పక్కింట్లో ఉన్న క్యాను నీళ్ళు వాడమని, అప్పుడు కూర్చుంది.

సభ ముగిశాక నేను వాళ్ళ దగ్గరకు వెళ్ళి, సాయంత్రం కోలాటం వద్దనుకుంటే మానేయవచ్చని అన్నాను.

“ఆడతామని మాటిచ్చినాం గదా, ఆడతాం. ఆయమ్మ చెప్పిందంతా తెలుగులో కాగితం మింద రాసి ఇయ్యండి. మేము పొయ్యేలోపల ఇయ్యాల” అంది చెంగమ్మ.

వాళ్ళు బయట షామియానా కింద ఆడుతున్నంతసేపూ నేనూ శోభన గారూ నా గదిలో కూర్చొని ఆ కాగితం రాశాం. ఏ దొరువు నీళ్ళు తాగకూడదు, ఏవి ఇప్పటికి పరవాలేదు, కాచడం వల్ల ఎందుకు లాభం లేదు, పరీక్ష ఎక్కడ చేస్తారు అన్నవి ఉన్నాయి. ప్రతి వాక్యం దగ్గరా ఆమె నన్ను ఆపి, తెలుగులో ఏం రాశానో తిరిగి ఇంగ్లీషులో చెప్పించుకున్నారు. అంతకుముందు ఎవరూ నా అనువాదాన్ని అలా సరిచూడలేదు. నాకు అవమానంగా అనిపించింది, కానీ అడ్డు చెప్పే స్థితిలో లేను. ఆటో ఎక్కే ముందు చెంగమ్మ ఆ కాగితాన్ని తమలో చదువు వచ్చిన ఒకామె చేత అక్కడే పైకి చదివించుకుంది. విన్న తర్వాతే బయల్దేరారు.

బిడ్డకు ఏమీ కాలేదు. మర్నాడు చూసిన డాక్టరు భయం లేదన్నారని చెంగమ్మే ఫోన్ చేసి చెప్పింది. ఆ ఫోన్ వచ్చేదాకా నాకు అన్నం సహించలేదు.

ఆ వారంలోనే డైరెక్టర్ గారు నన్ను లిఖితపూర్వక వివరణ అడిగారు. మొదట వదిలేయడం ఒక తప్పు, తర్వాత సంస్థ వేదిక మీద దాన్ని ఒప్పుకోవడం రెండోది అని ఆయన అభిప్రాయం. మొదటిదానికి నేను వివరణ రాసిచ్చాను. రెండోదానికి రాయలేదు. ఒక మెమో నా సర్వీసు ఫైలులో చేరింది. ఏడాది పాటు అనువాదం పని మరొకరికి అప్పగించారు. ఆ ఏడాదిలోనే, ఉపన్యాసం పూర్తి తెలుగు పాఠం ముందే తయారు చేసి, ఉపన్యాసకుల చేత సరిచూపించి, హాల్లో పంచాలని ఒక నియమం వచ్చింది. దాన్ని ప్రతిపాదించింది శోభన గారు, సంతకం చేసింది డైరెక్టర్ గారే.

పాలెంవాళ్ళు ఆ కాగితం పట్టుకొని తాగునీటి శాఖ ఆఫీసు చుట్టూ తిరిగారు. కొన్ని వారాలకు రోజు విడిచి రోజు ట్యాంకరు రావడం మొదలైంది. పైపు నీళ్ళు రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది. బోర్లలో కొన్ని ఆగాయి, కొన్ని ఆగలేదు. రమణయ్య గారు రెండేళ్ళపాటు మా గేటు తొక్కలేదు. ఒకరోజు తన పాత బోరు నీళ్ళు సీసాలో పట్టుకొచ్చి, పరీక్ష చేసి ఉన్నదున్నట్టు రాసివ్వమన్నారు. చేసి ఇచ్చాం.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళు కొందరు అప్పుడప్పుడు నన్ను సలహా అడుగుతారు. వాళ్ళకు ఈ సంగతే చెబుతాను. ఆ మధ్యాహ్నం నేను మొదట చెప్పిన రెండు వాక్యాలూ నిజమే. వాటిలో ఏ ఒక్కటీ శోభన గారు కాదనలేరు. అందుకే చెబుతున్నప్పుడు నాకు తప్పు చేస్తున్నానని అనిపించలేదు. అటు శోభన గారికీ ఇటు రమణయ్య గారికీ మంచివాడిగా ఉండాలనుకున్నాను, దానికి సారాంశం అనే పద్ధతి అనుకూలంగా దొరికింది. వినేవాళ్ళకు ఎంత తెలియాలో తేల్చే అధికారం అనువాదకుడి పోస్టుతో రాదు. అది వచ్చిందని అనుకొని నేను రెండేళ్ళు పనిచేశాను. అంతకుముందు చెప్పిన ఉపన్యాసాల్లో ఇంకా ఏమేం వదిలేశానో ఇప్పుడు నాకు గుర్తు లేదు.